బావులు మండిన ఎడారి, బోర్లు ఎండిన మన ఊళ్లు

పీలేరు దగ్గర మా చిన్నమామ ఇంట్లో అటక మీద ఒక నిడో పాలపొడి డబ్బా ఉంది. పసుప్పచ్చ రంగు, ఒక పక్క అరబ్బీ అక్షరాలు, అడుగున కాస్త తుప్పు. పాలపొడి ఎప్పుడో అయిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా అందులో ఎండుమిరపకాయలే పోసిపెడుతున్నారు. అత్త దాన్ని పారేయనివ్వదు. మామ కువైట్ నుంచి మొదటిసారి పంపించిన సామాన్లలో మిగిలింది అదొక్కటే.

పోయిన వేసవిలో ఆ ఇంటి వసారాలో కూర్చుని ఆయనకు నా ఫోన్లో ఒక సినిమా చూపించాను. జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ 1992లో విడుదల చేసిన 'లెసన్స్ ఆఫ్ డార్క్‌నెస్'. అంటే చీకటి పాఠాలు. నిడివి గంటకు లోపే. ఎడారిలో చమురు బావులు తగలబడుతుంటాయి. వాటి మీదుగా హెలికాప్టర్ మెల్లగా పోతూ ఉంటుంది. వెనక వాగ్నర్, మాలర్, వెర్దీల సంగీతం. మాటలు బహు తక్కువ. అది ఏ దేశమో, ఏ యుద్ధమో, నిప్పు పెట్టింది ఎవరో సినిమా ఎక్కడా చెప్పదు. పది నిమిషాలు చూశాడో లేదో, మామ అన్నాడు: "ఇది అహ్మదీ పక్క గదరా! ఊరి పేరు చెప్పకుండా ఉండాడేంది?"

అహ్మదీ కువైట్‌లోని ఊరు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ సినిమా గురించి, ఆ బావుల గురించి, వాటితో మన చిత్తూరు, కడప వాళ్లకున్న బంధం గురించి అప్పట్నుంచీ ఏరుకుంటూ వచ్చిన విశేషాలు ఇవి.

అడుగెత్తు పర్వతాలు

సినిమా మొదట్లో పొగమంచు కమ్మిన కొండల వరస ఒకటి కనిపిస్తుంది. ఏదో గ్రహం మీద దిగుతున్నట్టే ఉంటుంది. అవి కొండలు కానే కావు. లారీ టైర్ల కింద లేచిన మట్టి, దుమ్ము కుప్పలు. ఎత్తు అడుగుకు మించదని హెర్జోగే తర్వాత చెప్పారు. తెర మీద మొదట పడే వాక్యం కింద ఫ్రెంచి తత్త్వవేత్త పాస్కల్ పేరుంటుంది. దాన్ని రాసింది కూడా హెర్జోగే.

ఆయన ఉద్దేశంలో ఇది సైన్స్ ఫిక్షన్ సినిమా. వేరే లోకం నుంచి వచ్చినవాళ్లు మన భూమిని మొదటిసారి చూస్తే ఎలా ఉంటుందో అలా తీశారు. నిలువెల్లా రక్షణ దుస్తులు వేసుకున్న ఒక మనిషి చేత్తో సైగ చేస్తుంటే, ఆ జీవి మనకేదో చెప్పాలని చూస్తోందని వ్యాఖ్యానం వినిపిస్తుంది. సినిమా మొత్తం 13 భాగాలు. ఒకదాని పేరు 'సైతాను జాతీయ ఉద్యానవనం'. ఇంకొకదాని పేరు 'బావులు ఎండిపోవడం'. రాయలసీమవాడు ఈ రెండో పేరు దగ్గర ఆగకుండా ముందుకు పోలేడు.

బెర్లిన్‌లో గోల

1992 బెర్లిన్ చిత్రోత్సవంలో ఈ సినిమా వేసినప్పుడు ప్రేక్షకులు కేకలు పెట్టి తిట్టారు. ఇంత ఘోరాన్ని అందంగా చూపిస్తావా అన్నది వాళ్ల కోపం. దాంతే నరకాన్ని వర్ణించలేదా, గోయా యుద్ధాన్ని గీయలేదా అని హెర్జోగ్ జవాబు.

మొదటిసారి చూసినప్పుడు నేనూ ఆ ప్రేక్షకుల పక్షమే. హెలికాప్టర్‌లోంచి చూస్తే ఏదైనా అందంగానే ఉంటుంది గదా అనిపించింది. రెండోసారి చూసినప్పుడు మాత్రం ఒక తల్లి దగ్గర ఆగిపోయాను. చంకలో బిడ్డ. సైనికులు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ మాట్లాడటం మానేసిందని ఆమె చెబుతుంది. ఇంకొక తల్లి, కన్నకొడుకులను కళ్ల ముందే హింసించి చంపితే, తన మాటే పోగొట్టుకుంది. ఏదో చెప్పబోతుంది, శబ్దం వస్తుంది, మాట రాదు. అక్కడ సంగీతం లేదు, ఆకాశం నుంచి చూపు లేదు. కెమెరా ఆమె ముందు కదలకుండా కూర్చుంటుంది. మామ అప్పుడు ఫోన్ నా చేతికిచ్చేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, కాసేపటికి మళ్లీ తీసుకున్నాడు.

లెక్కలు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఏడు నెలల తర్వాత, 1991 ఫిబ్రవరి చివర్లో వెనక్కి పోతూ పోతూ 600కు పైగా చమురు బావులకు నిప్పుపెట్టింది. రోజుకు 40 నుంచి 60 లక్షల పీపాల చమురు కాలిపోయిందని అంచనా. ఒక్కో పీపా 159 లీటర్లు. కాలకుండా పైకి చిమ్మిన నూనె ఎడారి పల్లాల్లో నిలిచి చెరువులు కట్టింది. సినిమాలో ఆ చెరువుల మీద ఆకాశం నీడ పడుతుంటుంది. ఎవరూ చెప్పకపోతే నీళ్లనే అనుకుంటాం. నీళ్లనుకుని పక్షులు దిగి చచ్చిపోయాయి కూడా. మసి, నూనె, ఇసుక కలిసి గట్టిపడి తారురోడ్డులా మారిన నేల కువైట్ విస్తీర్ణంలో దాదాపు 5 శాతం. దానికి 'తార్‌క్రీట్' అని కొత్త పేరే పుట్టింది.

మంటను ఆర్పేది డైనమైటే

ఇది వింటే చాలామంది నమ్మరు. మండుతున్న చమురు బావిని ఆర్పడానికి వాడే పాత పద్ధతుల్లో ఒకటి, దాని పక్కన డైనమైట్ పేల్చడం. పేలుడు ధాటికి మంట చుట్టూ ఉన్న గాలి ఒక్క క్షణం చెదిరిపోతుంది. ఊపిరాడక మంట చస్తుంది. అంతవరకూ రావడానికే నానా తిప్పలు. ముందు బుల్‌డోజర్లతో దారి చెయ్యాలి, యుద్ధం వదిలేసిన మందుపాతరలు ఏరాలి, బావి మూతి చుట్టూ పేరుకున్న బొగ్గు గుట్టలను పొడవాటి చేతి యంత్రంతో లాగెయ్యాలి. మనుషులు రేకుల అడ్డు వెనక నిలబడి నీళ్లు కొడుతుంటే యంత్రం ముందుకు పోతుంది. ఆర్పిన వెంటనే మళ్లీ అంటుకోకుండా వేడెక్కిన లోహాన్ని చల్లార్చాలి. ఆ తర్వాత మూతిలోకి గొట్టం దించి, బరువైన బురద పంపించి, నూనెను అదిమి, కొత్త వాల్వు బిగించాలి. ఒక్క బావికి ఇంత పని. అలాంటివి ఆరు వందలు.

మరి ఎడారిలో అన్ని నీళ్లు ఎక్కడివి? అది నాకు అన్నిటికంటే నచ్చిన విశేషం. కువైట్ బావుల నుంచి సముద్రపు ఒడ్డుకు చమురు తీసుకుపోయే గొట్టాలు అప్పటికే ఉన్నాయి. వాటిని తిరగ్గొట్టారు. అన్నేళ్లూ నూనె ఏ దారిన సముద్రానికి పోయిందో, అదే దారిన సముద్రపు నీళ్లు బావుల దగ్గరికి వచ్చాయి. బావుల పక్కన గుంటలు తవ్వి ఆ నీటిని నిలవచేసుకున్నారు.

అమెరికా నుంచి రెడ్ అడెయిర్ బృందం, కెనడా వాళ్లు, ఇరాన్ వాళ్లు, చైనా వాళ్లు, కువైట్ సొంత బృందం... అందరూ దిగారు. హంగేరీ వాళ్ల యంత్రం చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి టి-34 ట్యాంకు మీద రెండు మిగ్-21 విమానాల ఇంజన్లు బిగించారు. ఇంజన్ల గాలిలోకి నీళ్లు వదిలితే ఆ వేగానికి మంట ఊది ఆర్పినట్టు ఆరిపోయేది. ఏళ్లు పడుతుందనుకున్న పని నెలల్లో ముగిసింది. 1991 నవంబర్ 6న కువైట్ అమీరు సమక్షంలో చివరి బావిని మూశారు.

మన కోనసీమలోనూ

తెలుగు నేల మీదా ఇలాంటి మంట లేచింది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి బద్దలై 65 రోజులు మండింది. చుట్టుపక్కల గ్రామాలను ఖాళీ చేయించారు. ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులను పిలిపించారు. ఒక్క బావి 65 రోజులు! కువైట్‌ను తలచుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

మిట్టమధ్యాహ్నం హెడ్‌లైట్లు

ఆక్రమణప్పుడు ఇంటికి వచ్చేసిన మామ 1991 ఎండాకాలం ముగిసేసరికి తిరిగి కువైట్ వెళ్లాడు. అప్పటికింకా సగం బావులు మండుతూనే ఉన్నాయి. ఆయన పని ఒక ఇంట్లో డ్రైవరు. "గాలి మన పక్కకు తిరిగితే పన్నెండు గంటలకు లైట్లు ఏసుకోని బండి తోలేవాళ్లం. తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి చుక్కలు చుక్కలు. ముక్కులో గుడ్డ పెట్టి తుడిస్తే నల్లగా వచ్చేది" అన్నాడు. పక్కనున్న ఇరాన్‌లో నల్ల వాన కురిసింది. ఈ పొగ ప్రపంచ వాతావరణాన్నే చల్లబరుస్తుందని, ఆసియాలో పంటలు దెబ్బతింటాయని ప్రఖ్యాత ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ భయపడ్డారు. పొగ అంత ఎత్తుకు పోలేదు. చలువ ఆ ప్రాంతం వరకే పరిమితమైంది. తన అంచనా తప్పిందని సాగన్ తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి.

ఇంకో ఇద్దరు చూశారు

అదే మంటల మీద 'ఫైర్స్ ఆఫ్ కువైట్' అనే ఐమాక్స్ డాక్యుమెంటరీ 1992లో వచ్చింది, ఆస్కార్‌కు నామినేట్ అయింది. హెర్జోగ్ వదిలేసిన పేర్లు, పద్ధతులు అందులో ఉంటాయి. బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియావ్ సల్గాడో 1991లో అక్కడ తీసిన నలుపు తెలుపు ఫొటోలు పాతికేళ్ల తర్వాత, 2016లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో నిప్పులార్పేవాళ్లు తల నుంచి కాలిదాకా నూనెలో తడిసి ఉంటారు. అభిషేకం అయ్యాక, ఇంకా వస్త్రం చుట్టని నల్లరాతి విగ్రహాల్లా నిగనిగలాడుతుంటారు. కళ్లు మాత్రం మనుషుల కళ్లు. ముగ్గురిలో ఎవరు గొప్ప అంటే నేను సల్గాడో పేరు చెబుతాను. ఆయన నేల మీద నిలబడి చూశాడు.

వాళ్లకు పడింది, మనకు పడలేదు

ఇక బోరు సంగతి. కువైట్‌కు నదులు లేవు. తాగే నీళ్లు కూడా ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకుని అమ్ముకునేవాళ్లు. 1930ల్లో బ్రిటిష్, అమెరికన్ కంపెనీలు కలిసి చమురు కోసం తవ్వడం మొదలుపెట్టాయి. బహ్రా అనే చోట వేసిన మొదటి బావిలో ఏమీ పడలేదు. రెండోసారి బుర్గాన్‌లో వేశారు. 1938 ఫిబ్రవరిలో, దాదాపు 3,700 అడుగుల లోతున నూనె ఎగదన్నింది. ప్రపంచంలోని అతిపెద్ద చమురు క్షేత్రాల్లో అదొకటి. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో 1942లో బావులను సిమెంటుతో మూసేశారు. మొదటి ఓడ నూనెతో బయలుదేరింది 1946 జూన్ 30న.

ఈ కథ మా వైపు ఎవరికి చెప్పినా వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. మదనపల్లె, పీలేరు, వాయల్పాడు, పలమనేరు పక్క ప్రతి రైతుకూ ఇలాంటి కథ ఒకటుంది గనక. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచి పాయింటు చూపించే మనిషిని పిలుస్తారు. కాయ నిలువుగా లేచిన చోట సున్నంతో గుర్తు పెడతారు. బోరు బండి వస్తుంది, రాత్రంతా హోరు. అడుగు అడుగుకూ లెక్క. మూడు వందల అడుగుల దగ్గర తడి మట్టి వస్తుంది, అందరూ చేతిలోకి తీసుకుని పిసికి చూస్తారు. ఆరు వందల దగ్గర తెల్ల దుమ్ము. వెయ్యి దగ్గర బండి ఆపేస్తారు. పొద్దున్నే చూస్తే ఇంటి ముందు నుంచి వీధి దాకా పిండి చల్లినట్టు రాతిపొడి. మామ పొలంలో అలా రెండు బోర్లు పోయాయి. మూడో అప్పు బోరుకు తేలేదు, వీసాకు తెచ్చాడు.

మన రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి, పీలేరు ప్రాంతాల నుంచి అన్ని వేల మంది కువైట్ దారి పట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ రాతిపొడిని లెక్కలోకి తీసుకోకుండా ఎవరేం చెప్పినా నాకు ఒప్పుదల కాదు.

'చాలించు, సముద్రమా'

కువైట్ సొంతంగా తీసుకున్న మొదటి కథాచిత్రం చమురు గురించి కాదు. 1972లో ఖాలిద్ అల్ సిద్దీఖ్ తీసిన 'బస్ యా బహర్'. ఆ పేరుకు అర్థమే 'చాలించు, సముద్రమా' అని. చమురు రాకముందు ముత్యాల కోసం సముద్రంలో మునిగిన పేదల కథ. మునిగేవాడు సీజన్ మొదట్లో పడవ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకునేవాడు. ముత్యం దొరక్కపోతే అప్పు మిగిలేది. తండ్రి పోతే ఆ అప్పు కొడుకు మీద పడేది. జపాన్ పెంపుడు ముత్యాలు మార్కెట్లోకి వచ్చాక ఆ వ్యాపారం కుప్పకూలింది. హైదరాబాదులో మన పెద్దవాళ్లు మురిసిపోయిన బస్రా ముత్యాలు ఆ సముద్రానివే.

అప్పు చేసి ఏజెంటుకు కట్టి, రెండేళ్లు దాన్నే తీర్చుకుంటూ గడిపే మన ఆడవాళ్లకు, మగవాళ్లకు ఈ సినిమా చూపించాలని నాకెంతో ఉంది. వాళ్ల సేట్ల తాతలు కూడా ఇదే ఉరిలో ఉన్నారని తెలిస్తే ఏమంటారో వినాలని ఉంది.

రూపాయి చెల్లిన రోజులు

1961 దాకా కువైట్‌లో మన రూపాయే చెల్లేది. బంగారం దొంగ రవాణాను అరికట్టాలని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేరే రంగుల్లో ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. రెండేళ్లకే కువైట్ సొంత దినారు తెచ్చుకుంది. అప్పుడు ఒక దినారుకు 13 రూపాయల చిల్లర. 2024లో 270 రూపాయల పైమాటే.

డబ్బాతో పాటు వచ్చిన మాటలు

మా వైపు పల్లెల్లో బడి ముఖం చూడని ముసలమ్మ కూడా 'అకామా అయిపోయింది' అంటుంది. అకామా అంటే నివాస అనుమతి. పనిలో పెట్టుకున్న యజమాని 'కఫీల్'. ఇంటిపని చేసే ఆడమనిషి 'ఖద్దామా'. రొట్టె 'ఖుబ్బూస్', చిల్లర కొట్టు 'బకాలా'. పట్టించుకోకు, పోనియ్యి అనడానికి 'ఖల్లీ వల్లీ'. మామ ఇప్పటికీ కరెంటు పోతే అదే అంటాడు. 'ఇరవై నంబరు వీసా' అంటే ఇంటిపని, 'పద్దెనిమిది' అంటే కంపెనీ. కువైట్ చట్టంలోని నిబంధనల అంకెలివి. పెళ్లి సంబంధాల్లో అబ్బాయి చదువు కంటే ముందు ఈ అంకె అడిగిన ఇళ్లు నాకు తెలుసు.

ఈ మాటల్లో 'ఖద్దామా' అన్నప్పుడు మాత్రం నా గొంతు పట్టుకుంటుంది. తన బిడ్డను అవ్వ దగ్గర వదిలి వెళ్లి, అక్కడ ఇంకొకరి బిడ్డను జోకొట్టే తల్లి ఆమె. మన ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లలో అలాంటివాళ్లు ఎంతోమంది. హెర్జోగ్ సినిమాలో మాట పోయిన తల్లిని చూసినప్పుడు నాకు వీళ్లే గుర్తొచ్చారు. వీళ్ల మీద పూర్తి సినిమా తీసే తెలుగు దర్శకుడి కోసం ఎదురుచూస్తున్నాను. 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' తీశారు. బెన్యామిన్ నవల ఆధారంగా మలయాళంలో బ్లెస్సీ తీసిన 'ఆడుజీవితం' 2024లో వచ్చింది. ఆ దారి ఇంకా చాలా దూరం ఉంది.

59 రోజులు, 488 విమానాలు

1990 ఆక్రమణ నాటికి కువైట్‌లో లక్షన్నర మందికి పైగా భారతీయులు ఉన్నారు. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, అక్కడ నుంచి ఎయిరిండియా విమానాలు బొంబాయికి తెచ్చాయి. 59 రోజుల్లో 488 విమానాలు. పౌర విమానాలతో అంతమందిని తరలించడం ప్రపంచ రికార్డు. మామ ఆ ఏడు సెప్టెంబరులో వచ్చాడు. ఎడారిలో గుడారం కింద పద్నాలుగు రోజులు. బొంబాయిలో దిగి మద్రాసు మెయిలెక్కి రేణిగుంటలో దిగినప్పుడు చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పాస్‌పోర్టు, ఒక జత బట్టలు. స్టేషన్‌లో అత్త ఆయన్ను గుర్తుపట్టలేదట.

ఐక్యరాజ్య సమితి నష్టపరిహార సంఘం ఇరాక్ చమురు ఆదాయం నుంచి మొత్తం 5,240 కోట్ల డాలర్లు బాధితులకు ఇప్పించింది. చివరి వాయిదా చెల్లింది 2022 జనవరిలో. కువైట్ వదిలి రావలసి వచ్చిన మన కార్మికులకూ ఆ నిధి నుంచి పరిహారం అందింది. మామకు వచ్చిన డబ్బు మరో బోరుకు పెట్టాడు.

ఆరిన బావిని మళ్లీ వెలిగించడం

సినిమా చివర్లో ఒక దృశ్యం ఉంది. మంట ఆర్పేసి, నూనె మాత్రం ఆకాశానికి చిమ్ముతున్న బావి. నిప్పులార్పేవాడే వచ్చి నిప్పు విసురుతాడు. బావి భగ్గున లేస్తుంది. మంట లేని బతుకు వీళ్లకు భరించరానిదైపోయిందా, పిచ్చి పట్టిందా అని వ్యాఖ్యానం అడుగుతుంది. చూసినవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది. నాకూ అలాగే అయింది.

మామకు కాలేదు. "పిచ్చి లేదు, ఏం లేదురా. నూనెతో గ్యాసు గూడా వస్తాది. అట్లే ఇడిస్తే నేలబారున పాకి, ఎప్పుడో ఒక రవ్వ తగిలి మనుషులతో సహా పోతాది. మనం చెప్పినప్పుడు మండితే మేలు" అన్నాడు. చమురు క్షేత్రాల్లో భద్రత కోసం అలా వెలిగించడం మామూలేనని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అహ్మదీ రోడ్డు మీద బండి తోలిన మనిషి అది ఎవరినో అడిగి ముప్పై ఏళ్ల కిందటే తెలుసుకున్నాడు.

సినిమా అయిపోయింది. ఇంకొకసారి మొదట్నుంచి పెట్టమంటాడేమో అనుకున్నాను. ఆయన గోడ గడియారం వంక చూసి లేచాడు. త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళయింది. చెప్పులేసుకుని పొలం దారి పట్టాడు, వెనకే నేనూ పోయాను. స్టార్టరు నొక్కాడు. పైపులోంచి ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రటి బురద నీళ్లు, ఆ తర్వాత ఒకటిన్నర అంగుళం తేట నీళ్లు. మామ దోసిలి పట్టి, కాస్త తాగి, మిగిలింది మొహాన చల్లుకున్నాడు.